చూస్తే ఒకటి... అర్థం ఇంకోటి!

ఇంగ్లిష్‌లో బొత్తిగా తెలియని పదం ఎదురైతే ఫోన్‌లో వెతుక్కుంటాం. చిక్కల్లా తెలిసినట్టు కనిపించే పదాలతోనే. ‘ఇది నాకు తెలీకపోవడమేంటి’ అనుకుని ముందుకెళ్లిపోతాం. పోటీ పరీక్షల పేపర్లు తయారుచేసేవాళ్లకి మన ఈ బలహీనత బాగా తెలుసు.

‘ఎనర్వేట్’నే చూడండి. వినగానే ఎనర్జీ గుర్తొస్తుంది. ఆప్షన్లలో ‘ఉత్సాహపరచడం’ కనబడితే టిక్ పెట్టేస్తాం. మార్కు పోయినట్టే! దానర్థం సత్తువ లాగేయడం. లాటిన్‌లో ‘నెర్వస్’ అంటే నరం, స్నాయువు. ముందున్న ‘ఇ’ అంటే బయటికి. ఒంట్లోంచి నరాలు తీసేసినంత నీరసం అన్నమాట. మే నెల మధ్యాహ్నం విజయవాడ బస్టాండ్‌లో గంటసేపు నిలబడితే ‘ఎనర్వేటింగ్ హీట్’ అంటే ఏంటో ఇక జన్మలో మర్చిపోరు.

‘నాయిసమ్’కీ శబ్దానికీ సంబంధమే లేదు. అది ‘అనాయ్’కి చుట్టం. భరించలేని దుర్వాసనకి వాడతారు. ఎన్నాళ్లుగానో ఎత్తని చెత్తకుండీ నాయిసమ్. పక్కింటి డీజే కాదు.

మన కేసు వినే జడ్జి ‘డిస్‌ఇంట్రెస్టెడ్’ అయితే సంతోషించాలి. ఏ పక్షమూ లేనివాడని అర్థం. ‘అన్‌ఇంట్రెస్టెడ్’ అయితేనే కంగారుపడాలి, ఆయనకి మన గొడవే పట్టలేదని. మామూలు మాటల్లో ఈ తేడా చెరిగిపోతోంది కానీ పరీక్షలో మాత్రం పాటించడమే మేలు.

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు జాగ్రత్తపడాల్సింది ‘ఫుల్సమ్’తో. మేనేజర్ మెచ్చుకుంటే, గొప్పగా ఉంటుందని ‘థ్యాంక్స్ ఫర్ యువర్ ఫుల్సమ్ ప్రెయిజ్’ అని మెయిల్ కొట్టారనుకోండి. ‘మీరు నన్ను కాకా పట్టినందుకు ధన్యవాదాలు’ అన్నట్టు చదువుకునే ప్రమాదం ఉంది. ‘సమృద్ధిగా’ అనే పాత అర్థం డిక్షనరీల్లో ఇప్పటికీ ఉంది. కానీ మెయిల్ చదివేవాళ్లు డిక్షనరీ పక్కన పెట్టుకుని కూర్చోరు కదా! ‘జెనరస్’ అనండి, ఏ గొడవా ఉండదు.

ఇంగ్లిషోళ్ల భాష మరీ విడ్డూరం అనుకోకండి. మన ‘కంపు’ సంగతేంటి? పాత కావ్యాల్లో పువ్వులకీ కంపు ఉండేది. అప్పట్లో అది పరిమళం. ఇప్పుడు ఎవరినైనా అని చూడండి, తెలుస్తుంది!

అందుకే రోజుకి ఇరవై పదాలు, ఇరవై అర్థాలు బట్టీ పట్టడం నాకు నచ్చదు. రెండు చాలు. కాకపోతే ఆ పదం దేని పక్కన కూర్చుంటుందో చూసి, జంటగా నోట్స్ యాప్‌లో రాసుకోండి. ‘ఎనర్వేటింగ్ హీట్’, ‘నాయిసమ్ స్మెల్’, ‘డిస్‌ఇంట్రెస్టెడ్ జడ్జి’... కింద మీ ఇంటి సంగతో, కాలేజీ సంగతో పెట్టి ఒక సొంత వాక్యం.

ఈ వారం మీకో పదం: ‘బెమ్యూజ్డ్’. వినోదానికీ దీనికీ సంబంధం ఉందేమో అనిపిస్తుంది. అక్కడే ఆగి, డిక్షనరీ తెరవండి.