'ఇంట్రో' అని పేరు మార్చినంత మాత్రాన

మా కాలేజీలో దాన్ని ర్యాగింగ్ అనేవాళ్ళు కాదు, 'ఇంట్రో' అనేవాళ్ళు. రాత్రి పదకొండుకి హాస్టల్ రూములో వరసగా నిలబడి, చూపు చొక్కా మూడో గుండీ మీద పెట్టి పేరు, ఊరు, ఎంసెట్ ర్యాంకు చెప్పాలి. ర్యాంకు చెప్పగానే ఇంకో ప్రశ్న: "రిజర్వేషనా?" నా పక్కనున్నవాడి తల ఇంకా కిందకి దిగడం నాకు గుర్తుంది. ఏడాది తిరిగాక అదే ప్రశ్న నేనూ అడిగాను.

అందుకే 'బెరుకు పోగొట్టడానికే కదా' అని ఎవరైనా అంటే ఒళ్ళు మండుతుంది. బెరుకు పోగొట్టడానికైతే తలుపు గడియ ఎందుకు పెట్టాం? ఫోన్లు ఎందుకు లాక్కున్నాం? "వెళ్తానన్నా" అనే వీలు జూనియర్‌కి లేకపోతే అది ర్యాగింగే. ఇంకేం చూడక్కర్లేదు.

'హ్యాపీ డేస్' (2007) చూసి నవ్వుకున్న తరం మాది. సినిమా మీదకి నెట్టేసి నేను తప్పించుకోను గానీ, ఆ నవ్వు మాకు బాగానే పనికొచ్చింది.

చట్టమా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే వచ్చింది. ఫిర్యాదు అందినా కదలని ప్రిన్సిపాల్ నేరానికి తోడ్పడినట్టే అంటుంది అది. 2009 యూజీసీ నిబంధనలైతే మొదటి మూడు నెలలూ పదిహేను రోజులకోసారి ఫస్టియర్ పిల్లలతో పేరు రాయక్కర్లేని సర్వే చేయించమన్నాయి. నేను చేరింది ఆ మరుసటేడే. అఫిడవిట్ మీద సంతకం పెట్టించుకున్నారు (నాన్నతో కూడా). సర్వే కాగితం మాత్రం నాలుగేళ్ళలో ఒక్కటీ చూడలేదు.

ఈసారి తమ్ముణ్ణో చెల్లెల్నో చేర్పించడానికి వెళ్తే, పోయినేటి సర్వేల ఫైలు చూపించమని అడగండి. గోడ మీది పోస్టర్ చూపిస్తే అక్కణ్ణుంచి కదలకండి.