ఒకే దారి, అందరికీ వంతు



ఆదివారం వచ్చిందంటే ఇంటికి మాట్లాడటానికి మన హాస్టల్ ఫోను దగ్గర ఎంత తోపులాటో అందరికీ తెలిసిందే. పెద్ద తరగతుల వాళ్ళం ముందు నిలబడతాం. ఐదో తరగతి తమ్ముడు అమ్మ గొంతు వినకముందే స్టడీ అవర్ గంట మోగుతుంది. అడిగితే "ఒక్క ఫోను ఇంతమందికి ఎలా సరిపోతుంది?" అంటాం.

సెల్ టవరుకు కూడా రోజూ ఇదే సమస్య. వాడుకోవడానికి ఉన్న తరంగాలు కొన్నే, మాట్లాడేవాళ్ళు ఎందరో. అందుకే పంచుకునే పద్ధతులు పుట్టాయి. మొదటిది ఫ్రీక్వెన్సీని పంచడం. హైదరాబాదులో 101.9 మెగాహెర్ట్జ్‌పై రెయిన్‌బో, 102.8పై వివిధ భారతి ఒకదానికొకటి అడ్డురాకుండా వినిపించేది ఇందువల్లనే. రెండోది కాలాన్ని పంచడం. జి.ఎస్.ఎం. పద్ధతిలో 200 కిలోహెర్ట్జ్ ముక్కను ఎనిమిది వంతులు చేస్తారు. ఒక్కో వంతు సెకనులో వెయ్యో భాగం కూడా ఉండదు. కానీ అది సెకనుకు సుమారు 217 సార్లు తిరిగి వస్తుంది కనుక మాట తెగినట్టు మనకు తెలియదు. మూడోది సి.డి.ఎం.ఎ. ఇందులో అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఒక్కొక్కరికి ఒక్కో సంకేతం. సంతలో ఎంత గోల ఉన్నా మన ఊరివాళ్ళ పిలుపు మనం గుర్తుపట్టినట్లన్నమాట.

మరి వరుస లేకపోతే ఏమవుతుంది? 1971లో హవాయి విశ్వవిద్యాలయం వారు దీవుల్లోని కంప్యూటర్లను రేడియో ద్వారా కలిపారు. దాని పేరు 'అలోహా'. ఎవరికి తోచినప్పుడు వారు సందేశం పంపవచ్చు. రెండు సందేశాలు ఢీకొంటే రెండూ పాడే, మళ్ళీ పంపాలి. ఇలాగైతే దారిలో 18 శాతానికి మించి పనికిరాదని లెక్క తేలింది. తర్వాత కాలాన్ని గడులుగా విభజించి, గడి మొదట్లోనే పంపాలని నియమం పెడితే అది రెట్టింపయింది. కొత్త దారి వేయలేదు, వరుస పెట్టారంతే.

అయితే ఆ వరుస న్యాయంగా ఉండాలి. తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2012లో 122 టెలికాం లైసెన్సులను రద్దు చేస్తూ, 'ముందు వచ్చినవారికి ముందు' అనే పద్ధతిలోనే లోపం ఉందన్నది. ముందు రాగలిగేది ఎవరు? సంగతి ముందుగా తెలిసినవాళ్ళు, బలం ఉన్నవాళ్ళు. మన ఫోను దగ్గర ఆ బలవంతులం మేమే.

కనుక మేము చెప్పేది ఇదే. పేర్ల పట్టిక రాసి గోడకు అంటిద్దాం. మనిషికి మూడు నిమిషాలు, మొదటి వంతు చిన్న తరగతులకు. పట్టిక రాసేటప్పుడు ఆ తమ్ముళ్ళను కూడా పక్కన కూర్చోబెట్టుకుందాం. రెండో ఫోను అడగడం మన హక్కు, తప్పక అడుగుదాం. కానీ వరుస లేకుండా అది వస్తే తోపులాట రెండు చోట్ల జరుగుతుంది, అంతే.

పూర్వ విద్యార్థులైన అన్నలారా! వచ్చే వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఆ గోడ వైపు ఒకసారి చూడండి. పట్టిక కనబడకపోతే మమ్మల్ని నిలదీయండి.