పందెం పెంచాల్సింది ఎప్పుడు?

2020 ఆగస్టులో చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రగర్భ కేబుల్ అందుబాటులోకి వచ్చింది. తెలుగు కుటుంబాలెన్నో స్థిరపడిన పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే నేటి శ్రీ విజయ పురానికి, వేగవంతమైన ఇంటర్నెట్‌తో పాటు ఫోన్‌లో పేకాట కూడా దగ్గరైంది.

బ్లాక్‌జాక్‌లో ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేస్తే పోయింది తిరిగొస్తుందని చాలామంది నమ్మకం. రూ.10తో మొదలుపెట్టి వరుసగా 7 సార్లు ఓడితే పోయేది రూ.1,270. ఎనిమిదో పందేనికి మరో రూ.1,280 కావాలి. అది గెలిచినా మిగిలే లాభం రూ.10 మాత్రమే!

గణిత శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థోర్ప్ 1962లో వెలువరించిన పుస్తకంలో వేరే జవాబు చెప్పారు. పంచేసిన ముక్కలు వెంటనే కట్టలోకి తిరిగి రావు. అందుకే మిగిలిన కట్టలో పది విలువ ముక్కలు, ఆసులు ఎక్కువగా ఉన్నప్పుడే ఆటగాడికి మొగ్గు. పందెం పెంచదగ్గది అప్పుడే. ప్రతి ఆటకూ కట్టను కొత్తగా కలిపే సాఫ్ట్‌వేర్‌లో ఆ అవకాశమే ఉండదు. మీ గత ఓటములతో దానికి పని లేదు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చింది. అది అవసరమే, కానీ చాలదు. బడిలో సంభావ్యత పాఠాన్ని ఇలాంటి లెక్కలతో చెప్పాలి. "ఈసారి తప్పక వస్తుంది" అనే ఆశకు అసలైన విరుగుడు అదే.