ఆనవాలు లేని కీళ్లు

తుంటి కీలు అరిగి అడుగు తీసి అడుగు వేయలేనివారికి కృత్రిమ కీలు పునర్జన్మ వంటిది. ఆ కీలే విరిగినా, వదులైనా మళ్లీ శస్త్రచికిత్స తప్పదు. అది మొదటిదానికంటే ఎంతో క్లిష్టమైనది. తొడ ఎముకలోకి దించిన లోహపు కాడ విరిగితే పైముక్కను తీయడం కొంత సులువే. ఎముకతో కలిసిపోయిన కిందిముక్కను వెలికి తీయడానికి ఒక్కోసారి ఎముకనే కోసి దారి చేయవలసి వస్తుంది. లోపలున్నది ఏ సంస్థ తయారుచేసినదో, దాని నమూనా, కొలత ఏమిటో ముందుగా తెలిస్తేనే వైద్యుడు తగిన పరికరాలతో సిద్ధం కాగలడు.

ఈ వివరాలు భద్రపరచకపోతే వాటిల్లే అనర్థానికి ఏఎస్‌ఆర్ ఉదంతమే నిదర్శనం. మళ్లీ శస్త్రచికిత్స అవసరమైనవారి సంఖ్య మితిమీరడంతో జాన్సన్ అండ్ జాన్సన్ అనుబంధ సంస్థ డెప్యూ 2010 ఆగస్టులో ఈ తుంటి కీళ్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. లోహంతో లోహం రాసుకుని రాలే కోబాల్టు, క్రోమియం రజను కీలు చుట్టూ ఉన్న కణజాలాన్ని దెబ్బతీస్తుంది. మన దేశంలో సుమారు 4,700 శస్త్రచికిత్సల్లో వీటిని అమర్చారు. కేంద్రం నిపుణుల సంఘాన్ని నియమించింది మాత్రం 2017లో! అప్పటికి 3,600 మందికి పైగా రోగుల ఆచూకీ లేదు. 2018లో ప్రభుత్వం రూ.30 లక్షల నుంచి రూ.1.23 కోట్ల వరకు పరిహారాన్ని నిర్ణయించింది. కానీ ఎవరి ఒంట్లో ఏముందో తెలియనప్పుడు ఆ పరిహారం ఎవరి గడప తొక్కుతుంది?

కీళ్ల మార్పిడి వివరాలను 1999 నుంచి జాతీయ స్థాయిలో నమోదు చేస్తున్న ఆస్ట్రేలియాలో ఈ కీలు లోపం లెక్కల్లోనే బయటపడింది. అక్కడ 2009లోనే దాని అమ్మకం నిలిచిపోయింది. మన దేశంలో వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసే కార్యక్రమం 2015లో మొదలైంది. అయితే హాని జరిగాక రాసుకోవడం వేరు, అమర్చిన నాడే రాసిపెట్టడం వేరు.

అమర్చిన ప్రతి కీలు నమూనా, క్రమసంఖ్య డిశ్చార్జి పత్రంలో తప్పనిసరిగా ఉండాలి. అవే వివరాలు జాతీయ రిజిస్టరుకూ చేరేలా చట్టం నిర్బంధించాలి. వాహనం నడవాలంటే నంబరు ఉండాలనే వ్యవస్థ, మనిషిని నడిపించే కీలుకు ఆనవాలు అక్కరలేదనుకోవడం క్షంతవ్యం కాదు.