సిలువ చెప్పే త్యాగం



శుభశుక్రవారం దగ్గరపడుతున్న వేళ, ఈ సంచికను బలి, రక్షణ గురించిన క్రైస్తవ విశ్వాసానికి కేటాయించాం. క్రీ.శ. 70లో రోమన్ సేనలు యెరూషలేము దేవాలయాన్ని కూల్చడంతో అక్కడి జంతుబలులు ఆగిపోయాయి. క్రైస్తవులు అప్పటికే క్రీస్తు మరణాన్నే బలిగా నమ్మసాగారు. ఆ బలి ఒక్కసారే, ఎప్పటికీ సరిపోయేలా జరిగిందని బైబిల్లోని హెబ్రీయులకు రాసిన పత్రిక చెబుతుంది.

ఆ మరణం మనిషిని ఎలా రక్షిస్తుంది? మనిషి తీర్చలేని రుణాన్ని దైవమానవుడైన క్రీస్తు తీర్చాడని 1098లో ముగించిన గ్రంథంలో మధ్యయుగ వేదాంతి ఆన్సెల్మ్ వాదించాడు. మరో మధ్యయుగ వేదాంతి అబెలార్డ్ ఆ మరణంలో మనసులు మార్చే ప్రేమను చూశాడు. 20వ శతాబ్దిలో వేదాంతి గుస్తాఫ్ ఆలెన్, ఆ మరణం చెడుపై, మృత్యువుపై దేవుని గెలుపన్న ప్రాచీన భావనను మళ్లీ ముందుకు తెచ్చాడు. ఈ కథ సాహిత్యాన్నీ కదిలించింది: తెలుగులో కవి గుర్రం జాషువా ‘క్రీస్తు చరిత్ర’ను కావ్యంగా మలిచి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు.

ఈ సంచిక రచయితల దారులు వేరైనా, అందరినీ కలిపే సూత్రం ఒకటే: ఇక్కడ దేవుడు బలి కోరేవాడు కాదు, తన్ను తాను ఇచ్చుకునేవాడు. బలహీనులను బలిపెట్టి బలవంతులు నిలబడుతున్న ఈ రోజుల్లో ఆ మాట అందరికీ వినిపించాలని మా ఆశ. విశ్వాసులూ, కానివారూ ఈ చర్చలో మాతో కలవండి.

— సంపాదకుడు