మెరుపు కాదు, మొన ముఖ్యం

మీ బడి ఆఫీసు గదిలోనో, పాత సామాన్ల గదిలోనో ఒకసారి వెతికి చూడండి. బల్ల అంచుకు బిగించే ఇనుప పెన్సిల్ చెక్కే మర ఒకటి దుమ్ములో పడి ఉండవచ్చు. ఒక పక్క పెన్సిల్ పెట్టే రంధ్రం, ఇంకో పక్క తిప్పే పిడి, మధ్యలో పొట్టు రాలే డబ్బా. పిల్లలు జేబులో వేసుకునేదాన్ని కొన్ని ఊళ్ళలో షార్పనర్ అంటారు, కొన్ని ఊళ్ళలో మెండర్ అంటారు. దానికి ఇది పెద్దన్న లాంటిది. ఇలాంటి పాత మరలను తెచ్చి బాగుచేయడం పదేళ్ళుగా నాకు అలవాటు. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు గురించి, దాని నుంచి నాకు ఏర్పడిన అభిప్రాయం గురించి ఇక్కడ చెబుతాను.

షోలాపూర్‌లో మా పేటలో ఒక పెద్దాయన చాదర్ల కార్ఖానాకు గ్రాఫ్ గీసేవారు. చాదర్ మీద నెమలి రావాలన్నా, పువ్వు రావాలన్నా ముందు గళ్ళ కాగితం మీద లెక్కతో గీయాలి. ఆ గళ్ళను చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. జకార్డ్ మగ్గం మీద ఏ పోగు లేవాలో ఆ అట్టలే చెబుతాయి. పెన్సిల్ మొన మొద్దుబారితే గీత పక్క గడిలోకి జరుగుతుంది, నేతలో తప్పు పడుతుంది. అందుకే ఆయన బల్లకు ఎప్పుడూ ఒక మర బిగించి ఉండేది. ఆయన పోయాక కొడుకు దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. పిడి బిగుసుకుపోయింది, రంగు పెచ్చులు లేచింది.

నేను ఉత్సాహంగా మొత్తం విప్పేశాను. ఒంటిని ఉప్పుకాగితంతో రుద్ది, నల్ల రంగు రెండు పూతలు వేశాను. కొత్త పెళ్ళికొడుకులా తయారైంది. తీసుకెళ్ళి చూపిస్తే ఆయన కొడుకు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచిగ మెరుస్తున్నది సార్. మరి అడుగున మా నాయిన గీసుకున్న పేరేది?" అన్నాడు.

అడుగున సూదితో గీసినట్టు రెండు అక్షరాలు ఉండేవి. వాటిని ఏదో గీతలనుకుని నేనే రుద్దేశాను. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

పాత వస్తువును బాగుచేయడమంటే దాన్ని కొత్తదిగా చేయడం కాదు. అది మళ్ళీ తన పని చేసేలా చూడటం. దాని మీద పడిన చేతుల గుర్తులు అలాగే ఉంచడం. పాత మరలు సేకరించేవారిలో చాలామంది మెరుపు చూసి మురిసిపోతారు. మొన వస్తుందా అని అడిగేవారు తక్కువ. ఈ వరస మారాలన్నది నా అభిప్రాయం.

ఈ మరలకు చరిత్ర చిన్నదేమీ కాదు. పెన్సిల్ చెక్కే సాధనానికి ఫ్రాన్స్‌లో బెర్నార్ లాసిమోన్ అనే గణితజ్ఞుడు 1828లోనే పేటెంట్ తీసుకున్నాడు. అప్పటిదాకా అందరూ చాకుతో చెక్కుకునేవారే. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఫాల్ రివర్ పట్టణంలో జాన్ లీ లవ్ అనే నల్లజాతి వడ్రంగి ఉండేవాడు. పిడి తిప్పితే చెక్కి, పొట్టును తనలోనే దాచుకునే చిన్న మరకు ఆయన 1897 నవంబరు 23న పేటెంట్ పొందాడు. దాని నంబరు 5,94,114. బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా కూడా పెట్టుకోవచ్చని అందులోనే రాసుకున్నాడు. చేత్తో పని చేసేవాడి ఆలోచన అలా ఉంటుంది.

ఆ తర్వాత బోస్టన్, చికాగో పేర్లతో వచ్చిన ఇనుప మరలు బళ్ళలోనూ ఆఫీసుల్లోనూ గోడలకెక్కాయి. వాటి లోపల ఉన్న ఏర్పాటు చూస్తే సైన్స్ టీచర్లకు పండగే. జేబు షార్పనర్‌లో బ్లేడు కదలదు, పెన్సిల్ తిరుగుతుంది. ఇక్కడ పెన్సిల్ కదలదు. మెలికల పళ్ళున్న రెండు ఉక్కు కండెలు ఏటవాలుగా నిలబడి దాని చుట్టూ తిరుగుతాయి. ఒక్కో కండె చివర చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. అది మర ఒంటికి లోపలివైపు ఉన్న పెద్ద పళ్ళ వలయంలో పడి దొర్లుతుంది. అంటే కండె పెన్సిల్ చుట్టూ తిరుగుతూనే తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది. భూమి తిరిగే తీరు అదే కాబట్టి ఇంగ్లిషులో దీన్ని గ్రహాల పేరుతోనే పిలుస్తారు. పెద్ద వలయానికి 24 పళ్ళు, చిన్న చక్రానికి 8 పళ్ళు ఉన్నాయనుకోండి. పిడి ఒక చుట్టు తిరిగేలోగా కండె తనను మోసే చట్రంలో మూడు చుట్లు తిరుగుతుంది. భాగహారం నేర్పడానికి ఇంతకంటే మంచి బొమ్మ నాకు దొరకలేదు.

బాగుచేయడం కూడా కష్టమైన విద్య కాదు. విప్పేముందు నాలుగు వైపులా ఫొటోలు తీయండి, అడుగుభాగం తప్పకుండా తీయండి. పొట్టు డబ్బా తీసి, కండెలున్న భాగాన్ని బయటికి లాగండి. చాలాసార్లు తప్పంతా అక్కడే ఉంటుంది. ఏళ్ళ తరబడి పేరుకున్న గ్రాఫైట్ పొడి, చెక్క పొడి, రంగు పెన్సిళ్ళ మైనం కలిసి పళ్ళ మధ్య గడ్డకట్టి ఉంటాయి. పాత పళ్ళ బ్రష్షుతో, కొంచెం కిరోసిన్‌తో తోమితే సగం మరలు అక్కడికక్కడే తిరగడం మొదలుపెడతాయి. ఉక్కు కండెలకు తుప్పు పట్టి ఉంటే కొన్ని గంటలు వెనిగర్‌లో నాననిచ్చి, కడిగి, వెంటనే పూర్తిగా ఆరబెట్టండి. తిరిగే చోట్ల కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు చాలు. ఆకురాయితో కండెల పళ్ళకు పదును పెట్టబోకండి, ఉన్న పదును కూడా పోతుంది.

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పవు. పాత రంగుల్లో సీసం అనే విషలోహం ఉండే అవకాశం ఉంది. వాటిని పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేను రంగు గీకడం రెండు విధాలా తప్పే అయింది. కొన్ని పాత మరలకు పొట్టు డబ్బా సెల్యులాయిడ్‌తో ఉంటుంది, అది నిప్పుకు భగ్గున అంటుకుంటుంది. కాబట్టి కిరోసిన్‌తో తోమే పని పెద్దవాళ్ళు చేయాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. విప్పడం, బొమ్మ గీసుకోవడం, పళ్ళు లెక్కపెట్టడం, మళ్ళీ బిగించడం ఎనిమిదో తరగతి పిల్లలు హాయిగా చేస్తారు.

అయిదు రూపాయలకో పది రూపాయలకో షార్పనర్ దొరుకుతుంటే ఈ శ్రమ ఎందుకు అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డబ్బు మిగులుతుందని నేను చెప్పను. ఆ చిన్న షార్పనర్ మొద్దుబారితే పారేస్తాం, అందులో విప్పి చూడదగినది ఒక్క మరమేకే. ఇనుప మర పాడైతే ఎందుకు పాడైందో వెతుక్కునే వీలుంటుంది. పాడైన వస్తువు ముందు కూర్చుని కారణం వెతకడం పిల్లలకు ఇంట్లోనూ బడిలోనూ అరుదైపోయింది. పిడి, ఇరుసు, పళ్ళ చక్రం, తుప్పు, వదులు, బిగువు అన్న మాటలు కూడా ఆ బల్ల దగ్గరే వాళ్ళ నోట పలుకుతాయి. వాటిని బోర్డు మీద రాసి బట్టీ పట్టించనక్కరలేదు.

రంగు వేయడమే తప్పని నేను అనడం లేదు. పూత మొత్తం పోయి ఇనుమును తుప్పు తినేస్తుంటే కాపాడటానికి వేయాల్సిందే. అప్పుడైనా పేర్లు, నంబర్లు, పేటెంట్ తేదీలు ఉన్న చోట వదిలేయండి. మర వయసు చెప్పేవి అవే. ఎవరిదో చెప్పేవి కూడా అవే.

సేకరించేవారికీ ఒక మాట. అమెరికాలో ఒహాయో రాష్ట్రం లోగన్ పట్టణంలో పాల్ జాన్సన్ అనే పాస్టర్ దాదాపు 3400 షార్పనర్లు పోగేశారు. భార్య కానుకగా ఇచ్చిన రెండు చిన్న కారు బొమ్మల షార్పనర్లతో ఆ పిచ్చి మొదలైంది. ఆయన 2010లో కన్నుమూశాక ఆ సేకరణ మొత్తాన్ని ఆ ప్రాంతపు యాత్రికుల స్వాగత కేంద్రానికి తరలించారు. వచ్చేపోయే పిల్లలు ఇప్పుడు అక్కడ చూస్తున్నారు. అది మంచి పనే. కానీ మనకు 3400 అక్కరలేదు. బడికి ఒక్కటి చాలు, అది గాజు బీరువాలో కాకుండా పిల్లల చేతికి అందేచోట ఉండాలి.

మీ ఇంట్లోనో, తాతగారి పెట్టెలోనో అలాంటి మర ఉంటే బడికి ఇవ్వండి. టీచర్లు దాని అడుగున ఎవరి పేరుందో ముందు చూసి, పిల్లల చేత నోట్‌బుక్‌లో రాయించండి. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టండి.

ఆ పెద్దాయన మర ఇప్పుడు మా బడి డ్రాయింగ్ గదిలో ఉంది. కొడుకే అక్కడ పెట్టమన్నాడు. పిల్లలు వరసలో నిలబడి పెన్సిళ్ళు చెక్కుకుంటారు. పొట్టును పాలలో వేస్తే రబ్బరు అవుతుందని ఒకరికొకరు చెప్పుకుంటూ డబ్బా ఖాళీ చేస్తారు. మొన మాత్రం గ్రాఫ్ గీయడానికి పనికొచ్చేంత సన్నగా వస్తుంది. అడుగున నా నల్ల రంగు నున్నగా ఉంది. అక్కడ మళ్ళీ ఆ రెండు అక్షరాలు గీయించమని కొందరు సలహా ఇచ్చారు. నేను గీయించలేదు. అది ఆయన చేతి రాత కాదు కదా.