పొలంల కంటైనర్: కొత్తదా, పాతదా?

బోర్ల కాడ స్టార్టర్లు, కేబుల్ వైర్లు పోతున్నయని ఇప్పుడు చానామంది పొలంల ఇనుప కంటైనర్ పెట్టుకోవాలని చూస్తున్నరు. కొత్తది తీసుకోవాల్నా, పాతదా అని అడుగుతున్నరు. సామాన్ల కోసమైతే పాతదే చాలంట నేను. కాకపోతే ఫొటో చూసి బయానా ఇయ్యకుండ్రి. కొనే డబ్బానే పోయి చూడాలె.

ముందు ఒక సంగతి. మా నిజాంపేట, బాచుపల్లి దిక్కు అపార్ట్‌మెంట్లు కట్టే కాడ కనబడే డబ్బాలన్నీ ఓడల మీద తిరిగినవి కావు. పల్చటి రేకు వెల్డింగ్ చేసి ఇక్కడనే తయారు చేసినవి కూడా ఉంటయి. వాటిని కూడా "కొత్త కంటైనర్" అనే అమ్ముతరు. అసలుదానికి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఏడు అంకెల నంబరు ఉంటది. తలుపు మీద తయారీ తేదీతో ప్లేటు బిగించి ఉంటది. ఎనిమిది మూలల్ల క్రేన్ కొక్కెం తగిలించే మందపు ఇనుప దిమ్మెలుంటయి. ఇవి లేకుంటే అది రేకుల గది, దానికి ఆ ధరే ఇయ్యాలె.

పాతదాని లోపటికి పోయి, బయట మనిషిని పెట్టి, తలుపులు మూయించుకోండి. పట్టపగలు చీకట్ల ఎక్కడన్న చుక్క వెలుగు కనబడితే వానాకాలం అక్కడినుంచే కారుతది. పైపై తుప్పుకు భయపడొద్దు, ఆ ఇనుము తుప్పుకు ఓర్చుకునే రకం. అడుగున దూలాలు, తలుపుల కింది పట్టీ చూడండి, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగొద్దు. నిన్న మొన్న రంగేసిందైతే ఇంకింత గట్టిగ చూడాలె.

కింద పరిచిన చెక్కకు పురుగు పట్టకుండ మందు పట్టించి ఉంటది. అంతకుముందు ఏ సరుకు మోసిందో మనకు తెల్వదు. వాసనొస్తే వదిలేయండి. దాణా, వడ్లు ఆ చెక్క మీద పోయకండి.

కొత్తదానికి పెట్టే ఎక్కువ పైసలు ఎండను ఆపవు. మే నెలల కొత్తదైనా పాతదైనా కుంపటే. విత్తనాలు పెడితే మొలక శాతం పోతది. చలికాలం రాత్రి పైరేకుకు లోపట చెమట పట్టి బస్తాల మీద కారుతది. మిగిలిన పైసలతో గాలి కిటికీలు పెట్టించి, పైన జానెడు ఎత్తుల ఇంకో రేకు కప్పు వేయించండి. మనుషులు ఉండాలంటే మాత్రం కొత్తది చూసుకోండి, ఆ పాత చెక్క మీద పిల్లలను పండబెట్టలేం.

ఇరవై అడుగుల ఖాళీ డబ్బానే రెండు టన్నుల పైన ఉంటది. దించనీకి హైడ్రా కావాలె (కూల్చేటి హైడ్రా కాదు, లేపేటి క్రేన్). బాట, కరెంటు తీగలు ముందే చూసుకోండి. నల్లరేగడిల వానలు పడ్డంక బండి దిగబడతది, ఎండకాలంలనే తెచ్చుకోవాలె. నాలుగు మూలల కింద సిమెంటు దిమ్మెలు పెట్టి నేలకు ఎత్తుల ఉంచండి.

కౌలు రైతులు కూడా ఆలోచించొచ్చు. కట్టిన గది ఆసామికే పోతది, డబ్బానైతే మళ్ల లేపుకపోవచ్చు. ఆ మాట కౌలు కాయితంలనే రాయించుకోండి.